ఆటగాళ్లంతా నేర్చుకుంటూ పోతే పోకర్‌లో నైపుణ్యం తేడా చెరిగిపోతుందా?

మీరు అడిగింది ఇది: సాల్వర్లు (ఏ సందర్భంలో ఏ ఎత్తు సరైనదో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్), వీడియోలు, చార్టులు (ఏ ముక్కలతో ఏం చేయాలో చెప్పే పట్టికలు) అందరి చేతికీ వచ్చేశాయి కాబట్టి కొన్నేళ్లకు అందరూ ఒకేలా ఆడతారా, గెలుపోటములు ముక్కల మీదే ఆధారపడిపోతాయా అని.

తేడా తగ్గుతుంది, ఇప్పటికే బాగా తగ్గింది. సున్నా మాత్రం కాదు. అయితే మంచి ఆటగాడి ఆదాయం ఆవిరైపోవడానికి తేడా సున్నా దాకా రానక్కర్లేదు. దానికి చాలా ముందే రేక్, అంటే ప్రతి పాట్ (అందరూ కాసిన పందెం మొత్తం) నుంచి ఆట నడిపేవాళ్లు తీసుకునే కోత, దాన్ని మింగేస్తుంది. ఈ సంగతి వదిలేసి మాట్లాడితే మీ ప్రశ్నకు జవాబు దొరకదు.

లెక్క వేసి చూడండి. ఆరుగురు కూర్చున్న నో-లిమిట్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలతో, పందెం సైజుకు పరిమితి లేకుండా ఆడే పోకర్) టేబుల్, రేక్ 5 శాతం అనుకుందాం. 100 హ్యాండ్లలో (ఒక్కో పంపకం ఒక హ్యాండ్) 60 ఫ్లాప్ (టేబుల్ మీద మొదటి మూడు ముక్కలు తెరిచే దశ) దాకా వెళ్లాయి, సగటు పాట్ 12 బిగ్ బ్లైండ్లు (బిగ్ బ్లైండ్ అంటే ముక్కలు చూడకముందే పెట్టాల్సిన తప్పనిసరి పందెం, లెక్కలకు అదే కొలమానం). ఒక్కో పాట్‌కు 0.6 చొప్పున 36 బిగ్ బ్లైండ్లు టేబుల్ దాటి పోయాయి. అంటే ఎవరు ఎంత బాగా ఆడినా ఆరుగురి ఫలితాలూ కలిపితే మైనస్ 36. బలహీనులు ఇద్దరుండి, 100 హ్యాండ్లకు చెరో 30 పోగొడుతుంటే మిగతా నలుగురికి 24 మిగులుతుంది, తలా 6. ఇది చాలా మంచి రాబడి. ఇప్పుడు ఆ ఇద్దరే ప్రీఫ్లాప్ (ఫ్లాప్‌కు ముందు దశ) చార్టు ఒకటి బట్టీపట్టి నష్టాన్ని 15కు తగ్గించుకున్నారు. వాళ్లు ఇప్పటికీ బలహీనులే, ఇప్పటికీ ఓడుతున్నారు. కానీ ఇద్దరూ కలిసి పోగొట్టేది 30, రేక్ 36. దాంతో మిగతా నలుగురూ సగటున 1.5 చొప్పున నష్టంలోకి జారారు. నైపుణ్యం తేడా కళ్ల ముందు అలాగే ఉంది, దాని మీద వచ్చే డబ్బు మాత్రం లేదు. మొన్నటిదాకా గెలిచినవాళ్లు ఉన్నట్టుండి 'అదృష్టం బాగోలేదు' అనడం మొదలుపెడితే చాలాసార్లు అసలు కారణం ఇదే. రేక్‌బ్యాక్ (రేక్‌లో తిరిగి ఇచ్చే వాటా) ఎంత, రేక్ మీద గరిష్ఠ పరిమితి ఎంత అన్నవి ఆట నేర్చుకోవడమంత ముఖ్యం.

ఇక పై స్థాయిలో ఇంకెంత ఖాళీ ఉందో చూద్దాం. ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ను కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో సీఫియస్ అనే ప్రోగ్రామ్‌తో దాదాపుగా పరిష్కరించేశారు. ఒక మనిషి జీవితమంతా ఆడినా దానిమీద ఆధిక్యం నిరూపించలేడు. అందులో పందెం సైజు నిర్ణీతం కాబట్టి అది సాధ్యమైంది. నో-లిమిట్ సంగతి వేరు. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ నలుగురు ప్రొఫెషనల్స్‌తో ఒక్కొక్కరితో విడివిడిగా, మొత్తం 1,20,000 హ్యాండ్లు ఆడి, 100 హ్యాండ్లకు 14.7 బిగ్ బ్లైండ్ల చొప్పున గెలిచింది. ఆ నలుగురూ హెడ్స్-అప్‌లో (ఇద్దరే తలపడే ఆటలో) ఆరితేరినవాళ్లు. అయినా వాళ్లకూ యంత్రానికీ మధ్య అంత దూరం ఉంది. మనుషులు ఇక నేర్చుకోవడానికేమీ మిగల్లేదు అనే మాట అందుకే నిలబడదు.

సాల్వర్ అందరికీ ఉన్నా ఆ దూరం ఎందుకు పూడదు? ఫ్లాప్‌లో పడే మూడు ముక్కల కలయికలు 22,100. రంగుల పోలికలు కలిపేసినా 1,755. వీటిలో ప్రతిదానికీ స్టాక్ లోతు (ఎదుట ఎంత డబ్బు ఉంది), పొజిషన్ (ఎవరి వంతు ముందు, ఎవరిది తర్వాత), పందెం సైజులు మార్చి చూస్తే పుట్టే కొమ్మలు ఎవరి బుర్రలోనూ పట్టవు. జనం గుర్తుపెట్టుకునేది ప్రీఫ్లాప్, ఆ తర్వాత ఫ్లాప్‌లో చిన్న పందెం. టర్న్, రివర్ (నాలుగో, ఐదో ముక్క తెరిచే దశలు) దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఎవరికి తోచినట్టు వాళ్లే. పాట్ పెద్దదయ్యేది కూడా అక్కడే. కాబట్టి తేడా ప్రీఫ్లాప్‌లో దాదాపు పూడిపోయి, చివరి రెండు దశల్లోకి మారింది. చదువుకునే సమయంలో సగానికి పైగా అక్కడే పెట్టమంటాను. చాలామంది చేసేది సరిగ్గా తలకిందులు.

సాల్వర్‌ను తప్పుగా వాడటం మరో సంగతి. పాట్ 100, రివర్‌లో ఎదుటివాడు 100 పందెం కాశాడు. మీరు కాల్ చేయాలంటే (అంతే డబ్బు పెట్టి ముక్కలు చూడాలంటే) మూడింట ఒక వంతు సార్లయినా అది బ్లఫ్ (బలం లేని ముక్కలతో బెదిరింపు) అయి ఉండాలి. సాల్వర్ తన ఎదుట మరో సాల్వర్ ఉందనుకుని మీ చేతుల్లో (మీ దగ్గర ఉండగల ముక్కల జతల్లో) ఇంచుమించు సగంతో కాల్ చేయమంటుంది. చిన్న పందేల ఆటల్లో ఆటగాళ్లు రివర్‌లో అంత పెద్ద బ్లఫ్ ఆడటం అరుదు. బ్లఫ్ 15 శాతమే అనుకోండి: 0.15 × 200 లాభం, 0.85 × 100 నష్టం, వెరసి బ్లఫ్‌ను మాత్రమే ఓడించగల చేతితో కాల్ చేసిన ప్రతిసారీ సగటున 55 పోతుంది. 'సరైన' ఆట ఆడుతూనే చిల్లు పడుతుంది. ఎదుటివాడు సమతూకంలో లేడని పసిగట్టి అటువైపు వాలడం ఇప్పటికీ చార్టులో దొరకని నైపుణ్యం. తేడా ఎక్కువ కాలం నిలిచేది ఇక్కడే అని నా అభిప్రాయం.

అన్ని ఆటల్లోనూ తేడా ఒకేలా తగ్గదు. టోర్నమెంట్లో చేతిలో 10 బిగ్ బ్లైండ్లు మిగిలినప్పుడు ఆల్-ఇన్ (ఉన్నదంతా పెట్టడం) లేదా ఫోల్డ్ (ముక్కలు వదిలేయడం), అంతే. దానికి పట్టికలు ఎప్పటినుంచో ఉన్నాయి, నెల రోజుల్లో ఎవరైనా నేర్చుకుంటారు. 200 బిగ్ బ్లైండ్ల లోతులో అలా కుదరదు. నాలుగు ముక్కలతో ఆడే ఓమాహాలో మొదటి చేతులే 2,70,725. హోల్డెమ్‌లో 1,326. ఓమాహాలో తేడా ఇంకా చాలాకాలం వెడల్పుగానే ఉంటుంది.

టేబుల్ సగటు స్థాయిని నిర్ణయించేది పాతవాళ్లు ఎంత నేర్చుకున్నారన్నది ఒక్కటే కాదు, కొత్తవాళ్లు ఎంతమంది వస్తున్నారన్నది కూడా. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ 86 డాలర్ల ఆన్‌లైన్ శాటిలైట్ (పెద్ద పోటీలో చోటు గెలుచుకునే చిన్న పోటీ) నుంచి వచ్చి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ గెలిచాడు. ఆ ఏడాది ఆడినవాళ్లు 839 మంది, 2006లో 8,773. ఆట నేర్పే సామగ్రి పెరుగుతున్న కాలమే అది, అయినా టేబుళ్లు మెత్తబడ్డాయి (గెలవడం తేలికైంది), ఎందుకంటే కొత్త ముఖాలు అంతకంటే వేగంగా వచ్చాయి. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం పెద్ద సైట్ల మీద కేసులు పెట్టి డొమైన్లు స్వాధీనం చేసుకున్నాక ఆన్‌లైన్‌లో ఆ ప్రవాహానికి పెద్ద దెబ్బ తగిలింది, ఆట గట్టిపడింది. మరోవైపు కాసినోలో ఆడే మెయిన్ ఈవెంట్‌కు 2023లో 10,043 మంది వచ్చారు. లైవ్ ఆట (ఎదురెదురుగా కూర్చుని ఆడేది) ఇప్పటికీ ఆన్‌లైన్ కంటే మెత్తగా ఉండటం వింతేమీ కాదు.

తేడా సన్నబడేకొద్దీ అది కనబడటం కూడా కష్టమవుతుంది. 100 హ్యాండ్లకు స్టాండర్డ్ డీవియేషన్ (ఫలితాల ఊగిసలాటకు కొలత) 90 బిగ్ బ్లైండ్లు అనుకోండి. హోల్డెమ్‌లో ఇది మామూలే. లక్ష హ్యాండ్లకు ఊగిసలాట దాదాపు 2,850. 100 హ్యాండ్లకు 5 గెలిచేవాడికి లక్ష హ్యాండ్ల తర్వాత నష్టంలో ఉండే అవకాశం 4 శాతం. 2 గెలిచేవాడికి 24 శాతం. గంటకు 30 హ్యాండ్ల లైవ్ ఆటలో లక్ష హ్యాండ్లంటే 3,333 గంటలు. కాబట్టి 'ఆర్నెల్లుగా గెలుస్తున్నా' అన్నది రుజువు కాదు, 'ఆర్నెల్లుగా ఓడుతున్నా' అన్నదీ కాదు. బ్యాంక్‌రోల్ (ఆటకని పక్కనపెట్టిన డబ్బు) వెనకటిలా 20 బై-ఇన్లు (టేబుల్ దగ్గర కూర్చోవడానికి పెట్టే మొత్తానికి 20 రెట్లు) చాలదు, రాబడి 2 దగ్గరుంటే 50కి తక్కువ పెట్టుకోవద్దు.

మీ టేబుల్‌లో తేడా మిగిలిందో లేదో ఫలితాలతో కాకుండా ఎదుటివాళ్ల అలవాట్లతో కొలవండి. అరవై హ్యాండ్లు గమనిస్తే చాలు. రైజ్ లేకుండా లింప్ చేసేవాళ్లు (పందెం పెంచకుండా బిగ్ బ్లైండ్ మాత్రం కట్టి దిగేవాళ్లు) ఎందరు, ఫ్లాప్‌కు నలుగురైదుగురు వెళ్లిన హ్యాండ్లెన్ని, తప్పనిసరి పందెం కాక తమంతట తామే డబ్బు పెట్టి దిగే హ్యాండ్ల శాతం 40 దాటినవాళ్లెవరు? ఆరుగురి టేబుల్‌లో చదువుకున్న ఆటగాడికి అది 22 నుంచి 28 మధ్య ఉంటుంది. 40 దాటినవాడు ఒక్కడూ కనబడకపోతే, రేక్ పోను మీకు మిగిలేది దాదాపు ఉండదు.

మనవాళ్లకు చట్టం సంగతి కూడా ఇందులో భాగమే. నైపుణ్యమా అదృష్టమా అన్న చర్చ మనకు సికింద్రాబాద్ క్లబ్బు రమ్మీ కేసు నుంచీ తెలిసిందే. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆన్‌లైన్ విషయంలో ఆ చర్చకు ఇప్పుడు చోటు లేదు: తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యం ఉందా లేదా అని చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. విదేశీ సైట్లలో దొంగచాటుగా ఆడదామనుకునేవాళ్లు చట్టం మాట అటుంచి ఈ లెక్కయినా చూసుకోవాలి. సరదాగా ఆడేవాడు నిషేధంతో మానేస్తాడు. మిగిలేది రోజూ ఆడేవాళ్లు, బాట్లు (మనిషి బదులు ఆడే ప్రోగ్రామ్‌లు), పక్కన సాల్వర్ తెరిచి పెట్టుకుని ఆడేవాళ్లు. పైగా డబ్బు ఆపేస్తే అడగడానికి దిక్కుండదు.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో చట్టబద్ధంగా ఆడే తెలుగువాళ్లకైతే వారాంతం రాత్రి లైవ్ టేబుల్, అందులోనూ లోతైన స్టాక్స్ ఉన్నది, ఇప్పటికీ అన్నిటికంటే మెరుగైన చోటు.