యాసిడ్ అనగానే జంకే ఆమెకు ఏమని చెప్పాలి?

అమ్మడూ,

ఖమ్మంలో నీ బ్యూటీ పార్లర్‌కు బోర్డు పెట్టించావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత సంతోషించానో! కుర్చీలు, అద్దాలు ఎక్కడ కొనాలో అడిగావు కదా, ఆ వివరాలు మీ బాబాయి పంపిస్తారు. నువ్వు అడగని విషయం ఒకటి నేను రాస్తున్నాను: ముఖానికి రాసేవాటి గురించి వచ్చినవాళ్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో.

గుంటూరులో ఇరవై ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నా వల్ల ఒకరి ముఖం పాడైంది ఒక్కసారే. చేయి పొరబడి కాదు, మాట సరిగా చెప్పక. పెళ్లి తొమ్మిది రోజులుందనగా ఒక అమ్మాయి వచ్చింది. గ్లైకాలిక్ పీల్ అనీ, ఎక్స్‌ఫోలియేషన్ అనీ కోర్సులో నేర్చుకున్న మాటలన్నీ గడగడా చెప్పాను. ఆమె తల ఊపింది. మొటిమలకు డాక్టరు రాసిచ్చిన ట్రెటినాయిన్ క్రీము ఆమె రోజూ రాత్రి రాసుకుంటోందని నాకు తెలియదు. దాని మీద నా పీల్, అంటే చర్మం పై పొరను ఊడదీసే యాసిడ్ పూత, కూడా పడితే చర్మం తట్టుకోలేదని ఆమెకు తెలియదు. మూడో రోజుకు బుగ్గలు కందిపోయి పొట్టు రాలడం మొదలైంది. “ముఖం మీది మృతకణాల పొరను తీసేస్తానమ్మా, ఇంట్లో ఏమైనా మందు రాసుకుంటున్నావా?” అని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేసేది. ఆ పెళ్లి ఫోటోలో మేకప్ కింద ఉన్న ఎరుపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

అందుకే తల ఊపారని తృప్తి పడకు. అర్థం కాలేదని చెప్పడానికి మనవాళ్లకు మొహమాటం. “రాత్రి ఇంటికెళ్లాక దీన్ని ఎలా రాసుకుంటారో చెప్పండి” అని అడుగు. వాళ్ల నోటితో వాళ్లు చెబితేనే నీ మాట చేరినట్లు.

క్రీముల పేర్లలో యాసిడ్ అనే మాట దగ్గర చాలామంది జంకుతారు. పేపర్లలో ఆ మాటతో ఎలాంటి వార్తలు చదివారో నీకు తెలుసు. ఆ భయాన్ని తేలికచేయకు. ముందు మాటల్లోనే వంటింటికి తీసుకెళ్లు. పెరుగులోని పులుపు లాక్టిక్ యాసిడ్, చింతపండులోనిది టార్టారిక్ యాసిడ్. చెరకులో గ్లైకాలిక్ యాసిడ్ ఉంటుంది, కాకపోతే సీసాలో వచ్చేది ఎక్కువగా ఫ్యాక్టరీలో తయారైనదే, ఆ సంగతీ దాచకు. పులుసులో పులుపు పాళ్లు ఎంత ముఖ్యమో ఇక్కడా అంతే, ఎంత శాతం, ఎంతసేపు అన్నదే అసలు విషయం. సాలిసిలిక్ యాసిడ్ నూనెలో కలుస్తుంది, కాబట్టి జిడ్డుతో పూడుకుపోయిన రంధ్రాల్లోకి దిగి పని చేస్తుంది. అది ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. ఆ మాత్ర పడనివారు కాదు కదా అని అడిగి తీరాలి.

హైలురోనిక్ యాసిడ్ పేరుకే యాసిడ్. మన చర్మంలో, కీళ్లలో అది ఉండనే ఉంది. దేన్నీ ఊడదీయదు, నీటిని పట్టి ఉంచుతుంది. దీన్ని నేను నోటితో చెప్పడం మానేసి చాలా కాలమైంది. ఒక గాజు గ్లాసులో నీళ్లు పోసి చెంచాడు సబ్జా గింజలు వేసి వచ్చినామె ఎదురుగా పెడతాను. కనుబొమలకు త్రెడింగ్ అయ్యేసరికి ఒక్కో గింజ చుట్టూ నీటి పొర గుండ్రంగా కట్టి ఉబ్బి ఉంటుంది. “నీళ్లు లేకుండా పొడి గింజలే అయితే?” అని అడుగుతాను. ముఖం తడిగా ఉన్నప్పుడే రాసుకోవాలని, పైన మాయిశ్చరైజర్ వేయాలని ఆమే చెబుతుంది.

విటమిన్ సి సీరమ్‌కు వంకాయ చాలు. కోసిన ముక్క గాలికి నల్లబడినట్లే అది కూడా రంగు మారుతుంది, ముదురు గోధుమ రంగుకు తిరిగితే వాడవద్దని చెప్పు. నియాసినమైడ్ అంటే బి3 విటమిన్. మచ్చ పలచబడటానికి రెండు మూడు నెలలు పడుతుందని మొదటి రోజే చెప్పు. తెల్లబడతారని మాత్రం ఎవరికీ చెప్పకు తల్లీ. మచ్చ తగ్గడం వేరు, పుట్టిన రంగు మారడం వేరు.

రెటినాల్ విటమిన్ ఎ జాతిది. రాత్రిపూటే రాయాలి, పగలు సన్‌స్క్రీన్ తప్పదు. గర్భిణులు వాడకూడదు, గర్భం కోసం చూస్తున్నవారూ వాడకూడదు. ఈ ప్రశ్న అత్తగారి ముందు అడగవద్దు. తలకడిగే సింకు దగ్గరకు తీసుకెళ్లి మెల్లగా అడుగు.

లేబుల్ చదవడం కూడా నేర్పు. ఒక శాతం కంటే ఎక్కువున్నవి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది నియమం, ఆ తర్వాతివి ఎలాగైనా రాయవచ్చు. డబ్బా ముందు కుంకుమపువ్వు బొమ్మ పెద్దగా ఉండి, వెనక దాని పేరు చివర్లో సువాసన పక్కన కనిపిస్తే, ఉన్నది రవ్వంతే. కర్క్యుమా లాంగా అంటే పసుపు, అలో బార్బడెన్సిస్ అంటే కలబంద, అజాడిరక్టా ఇండికా అంటే వేప. ఇవి విప్పి చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి నువ్వు!

ఇలా మాట్లాడితే ఒక రోజు ఎవరో ఒకరు హ్యాండ్‌బ్యాగు తెరిచి, అడుగున దాచిన ట్యూబు తీసి నీ చేతిలో పెడతారు. పక్కింటివాళ్లు చెబితే మందుల షాపులో కొన్నానని, రాసుకుంటే తెల్లగా అవుతున్నానని అంటారు. దాని మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం కట్టడి చేసినా ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మొటిమలు లేస్తాయి, బుగ్గల మీద వెంట్రుకలు కూడా వస్తాయి. ఒక్కసారిగా మానేస్తే ముఖం భగ్గున మండుతుంది. కాబట్టి మానేయమని నువ్వు చెప్పకు, ఫేషియల్ చేయకు, బ్లీచ్ అసలే వద్దు. “ఇది నా చేతిలో పని కాదమ్మా” అని ట్యూబుతో సహా చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు పంపు. ఆ రోజు ఆమె దగ్గర పైసా తీసుకోకు.

ప్రారంభోత్సవానికి ముందు రోజు సాయంత్రమే వస్తాను. సబ్జా గింజలు, గాజు గ్లాసు నేనే తెస్తున్నాను.

ఆశీస్సులతో,
నీ పిన్ని