పండుగ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

హైవే పక్కన హోటల్, దాని వెనక ఫంక్షన్ హాలు, రెండింటి తోట పనికీ ఏడాది ఒప్పందం చేసుకున్నావని మీ అమ్మ చెప్పింది. పెన్‌గంగ వంతెన దాటి వచ్చేవాళ్లంతా ఆగేది అక్కడే కాబట్టి పని బాగుంటే పేరు తొందరగానే వస్తుంది. వానలింకా పోలేదు, క్రిస్మస్, సంక్రాంతి పూల పని దీపావళి తర్వాత చూసుకుందాం అనుకోకు. ఆదిలాబాద్ చలి సంగతి నీకు తెలుసు. నవంబర్ ముగిసే సరికి చాలా రాత్రులు పది డిగ్రీల దగ్గరికి దిగుతాయి, డిసెంబర్‌లో ఇంకా కిందికి. ఆ చలిలో మొక్క బతుకుతుంది కానీ పెరగదు. డిసెంబర్‌లో కనబడే పూల రంగులన్నీ అక్టోబర్‌లో చేసిన పనే.

ముందు కూలీల సంగతి. ఇప్పుడు సోయా కోతలు, ఆ వెనకే పత్తి ఏరుడు. పత్తి మొదలైతే హెడ్జ్ కత్తిరించడానికి పిలిచినా ఎవరూ రారు, వచ్చినా కూలి నీ లెక్కకు అందదు. మనుషులు కావలసిన పనులన్నీ బతుకమ్మ లోపే ముగించు. కాలువల పూడిక తీయించు, పూల మడులు ఎత్తించు, వయ్యారిభామను పూతకు రాకముందే వేర్లతో సహా పీకించు. గోడ వారన గునుగు, తంగేడు ఉంటే మాత్రం ముట్టుకోవద్దు, హోటల్ ఆడవాళ్లు బతుకమ్మకు వాటి కోసమే వెతుక్కుంటారు. ఖాళీ ప్లాటు వైపు ప్రహరీ పొడుగునా పదిహేను అడుగుల వెడల్పున ఎండు గడ్డి కోయించి ఎత్తివేయించు. దీపావళి రాకెట్టు పడేది సరిగ్గా అక్కడే.

మీది నల్లరేగడి. వాన ఆగిన కొన్ని వారాలకు నెర్రెలు విచ్చి పైపుల అతుకులు ఊడదీస్తుంది. స్ప్రింక్లర్లకు నీళ్లు వదిలి, ఎక్కడ ఒత్తిడి తగ్గుతోందో, ఎక్కడ నేల ఊరికే తడుస్తోందో ఇప్పుడే చూసుకో. ఫిల్టర్ జాలీ కడుగు. పూల మడి నేలకంటే ఎనిమిది అంగుళాలు ఎత్తుండాలి. నల్లమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి నింపు. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల వేర్ల చుట్టూ ఎర్రమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అట్లాగే నల్లమట్టిలో పాతితే చుట్టూ నేల తడిగా ఉన్నా లోపలి ముద్ద ఎండిపోతుంది. కవరు తీశాక ముద్ద అంచులను చేతివేళ్లతో గీరి, వేర్లు బయటికి కనబడేటట్టు చేసి నాటు. మొదటి పది రోజులు నీళ్లు మొక్క మొదట్లోనే పోయాలి. మల్చింగ్‌కు, అంటే మొక్క చుట్టూ నేల కప్పడానికి, సోయా పొట్టు ఈ నెలలో చవక. రెండంగుళాల మందం చాలు, కాండానికి తగలనీయకు.

ఇక పూలు. ముద్దబంతి విత్తనం నుంచి పూతకు 60 నుంచి 70 రోజులు తీసుకుంటుంది, చలికి ఇంకో పది కలుపుకో. క్రిస్మస్‌కు కావాలంటే అక్టోబర్ మొదటి వారంలో నారు పోయాలి, సంక్రాంతికి అయితే అక్టోబర్ 20, 25 మధ్య. నారు నెల లోపే నాటాలి, మొక్కకూ మొక్కకూ అడుగున్నర. తల తుంచితే పూలు ఎక్కువ వస్తాయి కానీ పూత పది, పదిహేను రోజులు వెనక్కి పోతుంది. తుంచదలిస్తే నారు కూడా అంత ముందుగా పోయాలి. పెటూనియాకు పన్నెండు వారాలు కావాలి, కాబట్టి ఈ వారమే. విత్తనం దుమ్ములా ఉంటుంది, మట్టితో కప్పకు, పైన చల్లి అరచేత్తో అదిమితే సరిపోతుంది. గులాబీ కత్తిరించిన 45 నుంచి 50 రోజులకు పూస్తుంది. నవంబర్ మొదటి వారంలో కత్తిరించి, కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రం మందు ముద్ద పూయించు. పూయకపోతే కొమ్మ కోసిన చోటి నుంచి కిందికి నల్లగా ఎండుకుంటూ వస్తుంది.

చామంతి దగ్గరే చాలామంది బోల్తా పడతారు. దాని పూత పొడుగు రాత్రుల మీద ఆధారపడుతుంది. చీకటి మధ్యలో వెలుగు పడితే అది రాత్రిని రాత్రిగా లెక్కపెట్టదు. ఫంక్షన్ హాలు ఫోకస్ లైటు కింద వరుసగా కుండీలు పెట్టి, ఆకు బాగుంది, మొగ్గే లేదని మందులు కొట్టేవాళ్లు ఉన్నారు. మందు కాదు, చీకటి కావాలి. కొమ్మలు నాటి పెంచే కాలం దాటింది కాబట్టి మొగ్గ కట్టిన కుండీలు కొను. కొన్నవాటిని మొగ్గల్లో రంగు కనబడేదాకా వెనక వైపు లైటు లేని చోట ఉంచి, తర్వాత గేటు దగ్గరికి తెచ్చుకో. క్రిస్మస్‌కు పైఆకులు ఎర్రబడే పాయిన్‌సెట్టియాదీ ఇదే స్వభావం. పోయిన ఏడాది కుండీలు మిగిలి ఉంటే అక్టోబర్ మొదటి నుంచి ఎనిమిది, పది వారాలు రోజూ పద్నాలుగు గంటల చీకటి ఇవ్వాలి. అంత ఓపిక లేకపోతే ఎర్రబడినవి కొనడమే నయం.

లాన్ మీద యజమానితో ముందే మాట్లాడుకో. గరిక జాతి గడ్డి చలికి పచ్చదనం తగ్గించుకుంటుంది, అది జబ్బు కాదు. డిసెంబర్‌లో యూరియా చల్లమని ఒత్తిడి చేస్తే ఒప్పుకోకు, నిద్రపోయే గడ్డి దాన్ని తీసుకోదు, కలుపూ శిలీంధ్రమే బాగుపడతాయి. చివరి యూరియా అక్టోబర్ మొదటి పక్షంలో, వంద చదరపు మీటర్లకు అరకిలో, చల్లిన వెంటనే నీళ్లు. నెలాఖరుకు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ అంతే విస్తీర్ణానికి కిలో. పెళ్లి టెంట్లు వేసే చోట నేల గట్టిపడుతుంది. గడ్డి పెరుగుతున్నప్పుడే నాలుగంగుళాల లోతున, నాలుగంగుళాలకొకటి చొప్పున ఫోర్కుతో పొడిపించి, రంధ్రాల్లోకి ఇసుక ఊడ్పించు. వంద చదరపు మీటర్లకు అర ఘనమీటరు ఇసుక సరిపోతుంది. కోత ఎత్తు కొంచెం పెంచు, ఒక్కసారికి గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి కోయకు.

ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం, రేగడిలో మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయించు. పక్కన టైల్స్ ఉంటే ముందు పట్టా కప్పు, ఆ తుప్పు మరక పడితే పోదు.

నీళ్లు వారానికి 15 నుంచి 20 మిల్లీమీటర్లు చాలు. అంటే వంద చదరపు మీటర్లకు 1,500 నుంచి 2,000 లీటర్లు. లాన్‌లో నాలుగు ఖాళీ డబ్బాలు పెట్టి పావుగంట స్ప్రింక్లర్ తిప్పి, వాటిలో నిలిచిన నీటి లోతు కొలిస్తే ఎన్ని నిమిషాలు అవసరమో తేలిపోతుంది. పొద్దు కొంచెం ఎక్కాకే పెట్టు, సాయంత్రం తడిపితే ఆకు తెల్లవార్లూ తడిగా ఉండి బూజు పడుతుంది. కాగితం పూల చెట్టుకు మాత్రం నీళ్లు బాగా తగ్గించు, కాస్త ఎండితేనే పూస్తుంది. రిసెప్షన్ బయట పెట్టిన అగ్లోనీమా, డిఫెన్‌బేకియా కుండీలను నవంబర్ రెండో వారానికి వరండా లోపలి గోడ వైపు జరిపించు. చలిగాలి తగిలితే ఆకు నల్లబడి మెత్తబడుతుంది.

లైట్లు ఎలక్ట్రీషియన్ పనే కానీ చెట్లు నీవి. కాండానికి మేకు కొట్టనీయకు, తీగ బిగించి చుట్టనీయకు. తడి నేల మీద నడిచే ప్రతి లైనుకూ కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉందో లేదో అడుగు, టెస్ట్ బటన్ నొక్కి చూపించమను. అతుకులు గడ్డిలో పడేయకుండా నేలకు పైన కట్టించు. సంక్రాంతి తర్వాత ఆ తీగలు ఎవరు విప్పాలో, వాళ్ల నిచ్చెన కింద నలిగిన మొక్కలకు ఎవరు డబ్బిస్తారో ఒప్పంద పత్రంలో ఇప్పుడే రాయించుకో.

పెటూనియా విత్తనం నిజామాబాద్ నుంచి రేపటి బస్సులో పంపిస్తున్నాను, ట్రేలు సిద్ధంగా ఉంచు.

ఇట్లు,
మామ