గోడ మీద ఎర్ర గీత గీస్తే ఇల్లు వదులుకోవాల్సిందేనా?

ప్రశ్న: లాయరు గారూ, మాది కర్నూలు జిల్లాలో ఒక మున్సిపల్ పట్టణం, ఊరి పేరు రాయొద్దు. బజారుకు పోయే రోడ్డు మీద మా నాయన ఇల్లు. ముందు వైపు 22 అడుగులు, లోపలికి 40 అడుగులు. ముందు గదిలో అంగడి, బాడుగకు ఇచ్చినాం. రోడ్డు ఇప్పుడు 26 అడుగులుంది, మాస్టర్ ప్లాన్ ప్రకారం 40 చేయాలని కౌన్సిల్‌లో తీర్మానం అయిందంట. పోయిన నెల ఇద్దరు టేపు పట్టుకొని వచ్చి అంగడి లోపలి గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి పోయినారు. మా వరసలో 9 అడుగులు, ఎదురు వరసలో 5 అడుగులే పోతాయంట. నోటీసంటూ ఏమీ ఇయ్యలేదు. ఒక ఫారం మాత్రం తెచ్చి సంతకం పెట్టమంటున్నారు, పెట్టకపోతే జేసీబీ వస్తుందంటున్నారు. 2009 వరదలప్పుడు మేము కర్నూలు పాతబస్తీలో బాడుగకు ఉంటిమి, ఇంటి దస్తావేజులన్నీ అప్పుడే నీళ్ళలో పోయినాయి. పన్ను రసీదులు ఉన్నాయి. నాయన లేడు, నేనూ తమ్ముడూ అక్కా ఉన్నాం. మాకు డబ్బు ఏమైనా వస్తుందా? ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ఫారం సంగతి. ఉత్తరం చూశాక ఫోన్ చేసి ఆ కాగితం ఫోటో పంపమన్నాను, పంపారు. అందులో రెండు చోట్ల నా కన్ను ఆగింది. ఒకటి, ‘స్వచ్ఛందంగా, ఎటువంటి నష్టపరిహారం కోరకుండా’ అన్న మాట. రెండోది, ఎన్ని అడుగులు వదులుతున్నారో రాయాల్సిన చోట ఖాళీ. చుక్కలు పెట్టి వదిలేశారు. మీరు సంతకం పెట్టి ఇచ్చాక ఆ చుక్కల మీద 9 రాస్తారో 12 రాస్తారో మీ చేతిలో ఉండదు. కాబట్టి పెట్టొద్దు. అది తెచ్చిన మనిషితో గొడవ కూడా వద్దు, పాపం ఆయనకు పైనుంచి టార్గెట్ ఉంటుంది. ‘కొలతల స్కెచ్, నోటీసు ఇవ్వండి, చూసి చెబుతాం’ అనండి చాలు.

గోడ మీద ఎర్ర గీత ఆర్డరు కాదు, నోటీసు కూడా కాదు. టౌన్ ప్లానింగ్ వాళ్ళు వాళ్ళ లెక్క కోసం గీసుకున్న గుర్తు, అంతే. కౌన్సిల్ తీర్మానం సంగతీ అంతే. రోడ్డు వెడల్పు చేయాలని నిర్ణయించే అధికారం కౌన్సిల్‌కు ఉంది, కాదనను, కానీ చేతులెత్తి తీర్మానం చేసినంత మాత్రాన మీ స్థలం మున్సిపాలిటీది అయిపోదు. మాస్టర్ ప్లాన్‌లో 40 అడుగులని ఉండటమంటే ఎప్పటికైనా ఆ రోడ్డు అంత ఉండాలని అనుకున్నారని అర్థం, ఈరోజు మీరు రోడ్డును ఆక్రమించి కూర్చున్నారని కాదు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం మన ఊళ్ళల్లో మామూలైపోయింది. ‘మాస్టర్ ప్లాన్‌లో ఉంది’ అనగానే జనం కూడా తప్పు చేసినట్టు తల దించుకుంటారు.

అసలు విషయం రోడ్డు రికార్డు ప్రకారం ఎంత వెడల్పు ఉందన్నది. మీరు 26 అడుగులన్నారు, అది ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచింది? ఈ కాలువ నుంచి ఆ కాలువకా, ఈ గోడ నుంచి ఆ గోడకా? ఊరికే చాదస్తానికి అడగడం లేదు. కాలువల మధ్య 26 ఉండి, కాలువలూ పక్క జాగా కలుపుకుని రికార్డులో 32 ఉందనుకోండి, అప్పుడు 40 కావడానికి ఇంకా కావాల్సింది 14 కాదు, 8 మాత్రమే. మీ 9 అడుగుల గీత ఏ అంచు నుంచి కొలిచారో కూడా మీకు తెలియదు. మీరు పంపిన ఇంకో ఫోటోలో అంగడి ముందు బేతంచెర్ల బండలతో మూడు మెట్లు, కాలువ మీద పరిచిన బండ, దాని పైన రేకులు కనబడుతున్నాయి. టేపు ఆ మెట్ల చివర పెట్టారా, గోడకు ఆనించి పెట్టారా అన్నదాన్ని బట్టి మీ అంగడి మొత్తం పోవడమా, సగం మిగలడమా అన్నది తేలుతుంది.

దీని మీద సుప్రీంకోర్టు 2024 నవంబర్ 6న చాలా స్పష్టంగా చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లోని మహరాజ్‌గంజ్‌లో 2019లో రోడ్డు వెడల్పు పేరుతో ఒకాయన ఇల్లు పడగొట్టారు. ఆక్రమణ ఉందనుకున్నా అది 3.70 మీటర్లే, అంతకు మించి కొట్టేశారు, అదీ సరైన నోటీసు లేకుండా. 25 లక్షల రూపాయలు తాత్కాలిక పరిహారంగా ఇవ్వమని కోర్టు ఆదేశించి, రోడ్డు విస్తరణకు ముందు ఏ రాష్ట్రమైనా ఏం చేయాలో వరసగా రాసింది. మొదట రికార్డుల్లోనో మ్యాపుల్లోనో రోడ్డు వెడల్పు ఎంతో చూడాలి, ఆ రికార్డుతో సర్వే చేసి ఆక్రమణ ఉందో లేదో తేల్చాలి, ఉంటే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, ఇంటివాళ్ళు అభ్యంతరం చెబితే దానికి కారణాలతో ఆర్డరు ఇవ్వాలి, అభ్యంతరం కొట్టేసినా తీసేసుకోవడానికి తగినంత గడువు ఇవ్వాలి. ఉన్న రోడ్డు చాలదు, పక్క స్థలం కావాలి అంటే పని మొదలుపెట్టేలోపే చట్ట ప్రకారం భూసేకరణ చేయాలి. ఈ చివరి వాక్యమే మీ కేసు.

మెట్లూ రేకుల సంగతి మాత్రం నిజాయితీగా చెప్పాలి. కాలువ మీద బండ, రోడ్డు మీదికి దిగిన మెట్లు, రేకులు మీ స్థలం కాదు. అవి తీసేస్తే డబ్బు రాదు, కోర్టుకు పోయినా నిలవదు. కూల్చివేతలకు ముందు 15 రోజుల నోటీసు ఉండాలని 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది గదా, దాన్ని చాలామంది వాట్సాప్‌లో తిప్పుతున్నారు, కానీ రోడ్డు, ఫుట్‌పాత్ లాంటి పబ్లిక్ స్థలంలో ఉన్న అనధికార కట్టడాలకు అది వర్తించదని అదే తీర్పులో ఉంది. ఆ ఒక్క లైను ఎవరూ ఫార్వర్డ్ చేయరు. నా మాట వింటే, ఆ రేకులు మీరే విప్పుకోండి. మీ కేసు శుభ్రంగా ఉంటుంది, ‘ఆక్రమణదారుడు’ అనే మాట మీ మీద నిలబడదు.

ఇక డబ్బు. గోడకు లోపల, మీ సొంత స్థలంలో 9 అడుగులు నిజంగానే తీసుకుంటారనుకుందాం. 9 ఇంటు 22, అంటే 198 చదరపు అడుగులు, 22 గజాలు. మన లెక్కలో అర సెంటుకు కొంచెం తక్కువ. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పట్టణాల్లో స్థలానికి మార్కెట్ విలువ కట్టి, దాని మీద గోడలూ కప్పూ విలువ కలిపి, మొత్తం మీద అంతే మొత్తాన్ని సొలేషియంగా, అంటే బలవంతంగా తీసుకుంటున్నందుకు అదనంగా, ఇవ్వాలి. గజం విలువ 20,000 అని ఉదాహరణకు అనుకుంటే స్థలానికి 4 లక్షల 40 వేలు, సొలేషియంతో 8 లక్షల 80 వేలు, కట్టడం విలువ దానికి అదనం. మిగిలిన ఇంటికి జరిగే నష్టం కూడా అడగొచ్చు. అంగడి బాడుగకున్న ఆయనకు వ్యాపారం పోతుంది కాబట్టి ఆయన కూడా విడిగా క్లెయిమ్ పెట్టుకోవచ్చు, ఆయనకు చెప్పండి. అదే చట్టంలో సెక్షన్ 94 అని ఒకటుంది, దాన్ని జనం వాడుకోరు. ఇంట్లో కొంత భాగమే తీసుకుంటామన్నప్పుడు, మిగిలింది పనికిరాదనుకుంటే మొత్తం ఇల్లు తీసుకోమని యజమాని కోరవచ్చు. మీకు ఇంకా 31 అడుగుల లోతు మిగులుతుంది కాబట్టి అక్కర్లేదు, ఎదురు వరసలో లోతు తక్కువున్న ఇళ్ళేమైనా ఉంటే వాళ్ళకు ఉపయోగపడుతుంది.

డబ్బుకు బదులు టీడీఆర్ బాండు ఇస్తామని కూడా అంటారు. అది మోసమేమీ కాదు, చట్టంలో ఉన్నదే. మీరు వదిలిన స్థలానికి బదులుగా వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు రాసిస్తారు, అక్కర్లేకపోతే బిల్డరుకు అమ్ముకోవచ్చు. కానీ అపార్ట్‌మెంట్లు బాగా లేచే ఊళ్ళో ఆ బాండుకు ధర ఉంటుంది, చిన్న ఊళ్ళో కొనేవాడు దొరకడు. బీరువాలో కాగితంగా ఉండిపోతుంది. మీ ఊళ్ళో ఐదంతస్తుల బిల్డింగులు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు, ఆలోచించుకోండి. బలవంతంగా మాత్రం అంటగట్టకూడదు.

పాత ఇల్లు కొట్టేసి మీరే కొత్తగా ప్లాన్ పెట్టుకుంటే, అప్పుడు మాత్రం రోడ్డుకు పోయే భాగం వదిలితేనే అనుమతి ఇస్తారు. ‘ఎప్పుడైనా వదలాల్సిందే గదా’ అని మీ పక్కింటాయన అన్నాడని ఫోన్‌లో చెప్పారు గదా, అది దీన్ని చూసే. ఉన్న ఇంటిని ఈరోజు కొట్టడానికి ఆ మాట పనికిరాదు.

దస్తావేజుల గురించి అంత టెన్షన్ వద్దు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ ఊరి మీదికి వచ్చినప్పుడు పాతబస్తీలో ట్రంకు పెట్టెలు మిద్దెల మీద తెరిచి, బురద పట్టిన స్టాంపు పేపర్లు ఒక్కొక్కటీ విడదీసి ఎండబెట్టుకుంటున్న వాళ్ళను నేనూ చూశాను. తర్వాత ఏళ్ళ తరబడి మా దగ్గరికి వచ్చిన కేసుల్లో ‘ఒరిజినల్ లేదు’ అన్నదే మొదటి మాట. రిజిస్టర్ అయిన దస్తావేజు పోయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు ఉంటుంది, సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, కోర్టులో చెల్లుతుంది. అది మీ ఊరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, కర్నూలుది కాదు, కాబట్టి వరదలో అక్కడి పుస్తకాలకేమైందో అన్న అనుమానం కూడా అక్కర్లేదు. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, మీ నాయన అంతకు ముందే కొని ఉంటే ఆఫీసులో పేరు మీద ఇండెక్సు వెతికించాలి, రెండు మూడు సార్లు తిరగాల్సి రావొచ్చు. పన్ను రసీదు హక్కు పత్రం కాదు, కానీ ఎన్నేళ్ళుగా మీ స్వాధీనంలో ఉందో చూపిస్తుంది, ఒక్కటి కూడా పారేయొద్దు.

ఇంకో చిక్కు మీకు తట్టినట్టు లేదు. నాయన వీలునామా రాయకుండా పోయి ఉంటే ఇల్లు మీ ఒక్కరిది కాదు, తమ్ముడిదీ అక్కదీ కూడా. మీరొక్కరు సంతకం పెట్టినా వాళ్ళ వాటాలకు అది చెల్లదు. ‘అక్కకు పెళ్ళి చేసి పంపినాం గదా’ అనొద్దు, ఆమెకూ సమాన వాటా ఉంది. పరిహారం వచ్చేనాటికి ముగ్గురి పేర్లూ ఉండాలి, అప్పుడు మీలో మీకు తగాదా వస్తే డబ్బు మీ చేతికి రాకుండా ఎక్కడో డిపాజిట్‌లో కూర్చుంటుంది. ముగ్గురూ ఇప్పుడే ఒక మాట మీద ఉండి అర్జీలన్నీ ముగ్గురి సంతకాలతో పెట్టండి.

ఈ వారమే చేయాల్సింది ఒకటుంది. మున్సిపల్ ఆఫీసుకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, ఫీజు పది రూపాయలు. కౌన్సిల్ తీర్మానం నకలు, మాస్టర్ ప్లాన్‌లో మీ రోడ్డు ఉన్న భాగం, టౌన్ సర్వే రికార్డు ప్రకారం రోడ్డు వెడల్పు, ఏ ఇంటికి ఎన్ని అడుగులు మార్కు చేశారో ఆ స్కెచ్, భూసేకరణకు ప్రతిపాదన పంపి ఉంటే దాని నకలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు. దాంతోపాటే కమిషనర్ పేరున ఒక అభ్యంతరం రాసి ఇన్‌వార్డులో, అంటే కాగితాలు తీసుకునే సెక్షన్‌లో, ఇచ్చి మీ కాపీ మీద సీలు వేయించుకోండి. సీలు లేని కాగితం ఇవ్వనట్టే లెక్క. మీ వరసలో 9, ఎదురు వరసలో 5 ఎందుకో కూడా అందులోనే అడగండి. రెండు వైపులా 7 చొప్పున తీస్తే సరిపోయే దానికి ఈ తేడా ఎందుకు? ఒక వైపు ఎక్కువ తీసుకోవడం ప్రతిసారీ తప్పు కాదు, గుడో ట్రాన్స్‌ఫార్మరో మలుపో అడ్డం ఉండొచ్చు, కానీ కారణం కాగితం మీద ఉండాలి. ఎదురు వరసలో ఎవరి ఇల్లుందో మీరు ఫోన్‌లో చెప్పారు, అది మాత్రం అర్జీలో రాయొద్దు. రుజువు లేకుండా రాస్తే మీ అర్జీ మొత్తం రాజకీయమైపోతుంది.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే ఆగుతుందా అంటే, ఇవ్వండి, రికార్డులో ఉంటుంది, అది స్టే మాత్రం కాదు. జేసీబీని ఆపేది కోర్టే. నోటీసు వచ్చినా, నోటీసు లేకుండా తేదీ చెప్పి బెదిరించినా అమరావతిలో హైకోర్టులో రిట్, అంటే అధికారుల మీద పిటిషన్, వేయాలి, మరీ అర్జెంటైతే లంచ్ మోషన్, అంటే అదే రోజు వినమని, అడగొచ్చు. కర్నూలుకు హైకోర్టు బెంచి వచ్చేదాకా మనకు ఆ ప్రయాణం తప్పదు. మీ ఊరి సివిల్ కోర్టులో కూల్చకుండా ఆపమని ఇంజంక్షన్ దావా కూడా వేయొచ్చు గానీ, దావాకు ముందు మీరు మున్సిపాలిటీకి నోటీసు ఇవ్వలేదనే అభ్యంతరం అవతలి వాళ్ళు తప్పక లేవనెత్తుతారు. ఒక మాట ముందే చెబుతున్నా, హైకోర్టుకు పోతే రోడ్డు విస్తరణ ఆగిపోతుందని ఆశపడొద్దు. ఇలాంటి వాటిలో ఎక్కువగా వచ్చే ఆర్డరు ‘చట్ట ప్రకారం నడుచుకోకుండా కూల్చొద్దు’ అని. మీకు కావాల్సిందీ అదే. రోడ్డు వెడల్పైతే మీ అంగడికీ మంచిదే, ఊరికే ఇవ్వమనడం దగ్గరే మన పేచీ.

మీ వీధిలో ఇప్పటికే ముగ్గురు ఆ ఫారం మీద సంతకం పెట్టారని ఫోన్‌లో అన్నారు. వాళ్ళకూ దారి ఉంది. రిజిస్టర్ కాని సమ్మతి పత్రంతో స్థలం మీద హక్కు మారదు, గోడ కొట్టకముందే ‘కొలతలు లేని ఫారం మీద సంతకం తీసుకున్నారు, వెనక్కి తీసుకుంటున్నాం’ అని రాసి ఇన్‌వార్డులో ఇవ్వాలి. గోడ పడ్డాక ఇస్తే బలం సగానికి తగ్గుతుంది.

చివర్లో, ఆ ఎర్ర గీత మీద సున్నం కొట్టేయమంటారా అని ఫోన్‌లో అడిగారు. కొట్టొద్దు. అంగడి ముందు గోడ నుంచి ఆ గీత దాకా టేపు పరిచి, అంకెలు కనబడేట్టు ఫోటో తీయండి, మెట్ల చివర నుంచి ఇంకొకటి. రెండు కొలతలూ మీ అభ్యంతరం కాగితంలో రాయండి, ఫోటోలు దానికి జత చేయండి.