రేడియో అన్నయ్య అంటే ఎవరు? ఆయన్ని అంతగా ఎందుకు తలుచుకుంటారు?

అసలు పేరు న్యాయపతి రాఘవరావు. 1905లో బరంపురంలో పుట్టారు. అన్నయ్య గురించి చెప్పి అక్కయ్యను వదిలేస్తే సగం కథే అవుతుంది. భార్య కామేశ్వరిగారే ఆ రేడియో అక్కయ్య. మద్రాసు రేడియో కేంద్రం నుంచి వీళ్లిద్దరూ పిల్లల కార్యక్రమాలు నడిపేవారు. పొట్టిబావ, చిట్టిమరదలు లాంటి సరదా పాత్రలు వాళ్ల సృష్టే.

పెద్దలు రాసిచ్చింది పిల్లలు అప్పజెప్పడం ఆ రోజుల్లో మామూలే. వీళ్లు మాత్రం పిల్లల చేతికే మైకిచ్చి పాడించారు, నాటికలు వేయించారు, కబుర్లు చెప్పించారు. నా దృష్టిలో అన్నయ్య అసలు గొప్పతనం ఇదే. మైకంటే బెదురు పోవాలంటే చిన్నప్పుడే దాని ముందు నిలబడాలి కదా!

రేడియోతోనే ఆగలేదు. 1940లో బాలానంద సంఘం పెట్టారు. 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. అందులో పెద్దల రచనలతో పాటు పిల్లలు రాసినవీ వేసేవారు. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ అచ్చయింది అందులోనే, అప్పటికి ఆయనింకా బడికెళ్లే పిల్లాడు! బాపు బొమ్మలకూ తొలినాళ్లలో చోటిచ్చింది ఆ పత్రికే. ఈ ఒక్క సంగతి చాలు, ‘బాల’ పేరు ఎత్తగానే పాతతరం పాఠకుల ముఖాలు ఎందుకు వెలిగిపోతాయో తెలియడానికి.

1956లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడ్డాక దంపతులు హైదరాబాద్ వచ్చేశారు. నారాయణగూడలో ఆంధ్ర బాలానంద సంఘం ద్వారా పిల్లలకు ఆటపాటలు, నాటకాలు నేర్పే పని కొనసాగించారు. అక్కయ్య 1980లో, అన్నయ్య 1984లో కన్నుమూశారు.