బొమ్మని అడుగు, పిల్లాణ్ణి అడక్కు

అమ్మాయ్,

చిన్నతనంలో మనసుకి తగిలే దెబ్బల గురించి, తట్టుకుని నిలబడటం గురించి తొమ్మిదో తరగతి చేత ప్రాజెక్టు చేయిస్తానన్నావు. చేయించు. కానీ "మీకు జరిగిన బాధాకరమైన సంఘటన రాయండి" అని మాత్రం బోర్డు మీద రాయకు. మన లంక ఊళ్ళ పిల్లల్లో 2022 జూలై వరదకి గట్టు మీద పడుకున్నవాళ్ళుంటారు, అమ్మ కువైట్ వెళితే అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నవాళ్ళుంటారు, నాన్న తాగొచ్చి కొడితే దెబ్బలు తినేవాళ్ళూ ఉంటారు, క్లాసు మొత్తం ముందు ఏం చెబుతారు చెప్పు? చెప్పినా మర్నాడు ఇంటర్వెల్‌లో వాళ్ళ గతేంటి?

తోలుబొమ్మలాట ఆడించు. కాకినాడ దగ్గర మాధవపట్నం వాళ్ళలా తోలే కావాలని లేదు, అట్టముక్కలు, కొబ్బరి ఈనెలు, తెల్ల పంచె, వెనకాల బల్బు చాలు. గోదారికి వరదొచ్చింది, పడవలో ఒక పిల్ల, ఒక మేకపిల్ల, అంతవరకే నువ్వు చెప్పు. నా క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడొకడు మేకపిల్లని పట్టుకుని "నేనరిచినా ఎవరూ లేవరు, అందుకే అరవను" అన్నాడు. నేను వాణ్ణేం అడగలేదు, మేకనే అడిగాను, ఎవరు లేస్తే బావుంటుందని. కాసేపు ఈనె తిప్పుతూ "పక్కింటి మామ్మ" అన్నాడు.

అసలు పాఠం ఆ మామ్మే. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాలపాటు గమనించారు. పేదరికం, ఇంటి గొడవల మధ్య పెరిగినవాళ్ళలో దాదాపు మూడో వంతు చక్కగా ఎదిగారు, వాళ్ళకి అండగా నిలిచినవాటిలో ముఖ్యమైంది, అమ్మానాన్నలే కానక్కర్లేదు, నమ్మకంగా పట్టించుకునే పెద్దవాళ్ళు ఒక్కరైనా ఉండటం. అందుకని "ధైర్యంగా ఉండాలి" అని ఉపన్యాసాలొద్దు (అవి విని విని పిల్లలకి విసుగు), తమ కథలో ఆ మనిషెవరో వాళ్ళనే వెతకనీ.

హెచ్చెమ్ గారు ఎగ్జిబిషన్ పెడదామంటారు చూడు, పిల్లలు సరేనంటేనే పెట్టు, పేర్లు వద్దు. మార్కులు అసలే వద్దు.

ఇంకోటి, "ఎవరికీ చెప్పనురా" అని మాటివ్వకు. లైంగిక వేధింపులని అనుమానం వస్తే పోలీసులకి తెలియజేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం నీ బాధ్యత, కొట్టడం, తిండి పెట్టకపోవడం లాంటివైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. ముందు ఇంటివాళ్ళని పిలిచి అడిగేద్దామనుకుంటావేమో, ఒక్కోసారి చేసేది వాళ్ళే. ఆటకి ముందే ఆ నంబరు పిల్లలకి నోటికొచ్చేలా చెప్పించు.