బడి కమిటీకి నిలబడుతున్న మా అమ్మాయికి

చి. అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, అది బడి కమిటీ ఎన్నికల్లో నిలబడుతుందట, నువ్వైనా చెప్పు" అన్నాడు. వద్దని చెప్పమన్నాడో, ఎలా చెయ్యాలో చెప్పమన్నాడో వాడూ తేల్చలేదు, నేనూ అడగలేదు. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మతో "మన ఇంట్లోంచి ఒకతి చైర్‌పర్సన్ అవుతుందేమోనే" అన్నాను. "ముందు గెలవనీండి" అని ఆవిడ దుప్పటి కప్పుకుంది. నాకే నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్.

పోయినేడు నువ్వు బుడ్డోణ్ణి కాన్వెంటు మాన్పించి మండల పరిషత్ బడిలో వేసినప్పుడు ఇంట్లో జరిగిన రభస నాకు గుర్తుంది. ఇంటిల్లిపాదీ తలో మాటా అంటుంటే నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. ముప్పై నాలుగేళ్ళు సర్కారు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ రోజు నీ పక్షాన ఒక్క మాట అనలేదు. ఏ మొహం పెట్టుకుని అనను? మీ అన్నయ్యని నేను చదివించింది ప్రైవేటులోనే కదా. ఆ బాకీ కొంతైనా తీరుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. ఓటర్ల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టిన రోజే నీ పేరు చూసుకో. తరగతికి ముగ్గుర్ని ఎన్నుకుంటారు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి. ఆ తరగతి తల్లిదండ్రుల్లో సగం మందైనా రాకపోతే కోరం ఉండదు కాబట్టి, నువ్వు బయలుదేరే ముందు మీ వీధిలో వాళ్ళని లేపు. మామూలుగా చేతులెత్తించే ఎన్నిక. నీకు చెయ్యి ఎత్తనివాళ్ళు ఎవరో లెక్క పెట్టుకోకు, మర్నాటి నుంచి వాళ్ళ పిల్లలకీ నువ్వే కమిటీ. రెండేళ్ళ పదవి.

ఇక మీ ఆయన సంగతి. అల్లుడు మంచివాడే, కాదనను. కానీ "నువ్వు ఇంట్లో ఉండు, మీటింగుకి నేను వెళ్ళొస్తాలే" అని మొదలుపెడతాడు చూడు, అది ప్రేమతోనే అంటాడు, అక్కడే నువ్వు అయిపోతావు. కమిటీలో సగం మంది ఆడవాళ్ళే ఉండాలని చట్టంలో రాసింది ఊరికే కాదు. ఆ సగం మంది పేర్లతో మొగుళ్ళు వచ్చి కుర్చీల్లో కూర్చోవడం నా సర్వీసంతా చూశాను. "చైర్మన్ గారి భర్త" అని మైకులో పిలిపించుకునే రకాలు! అల్లుణ్ణి గేటు దగ్గర దించి వెళ్ళిపొమ్మను. కోపం వస్తే నా మీదకి తొయ్యి.

2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే. బడి ఎలా నడుస్తోందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యడం, వచ్చిన గ్రాంటు దేనికి ఖర్చయిందో కనిపెట్టి ఉండటం మీ పనులు. మా రోజుల్లో దీన్ని విద్యా కమిటీ అనేవాళ్ళం, 1998 చట్టంతో వచ్చింది. పేరు మారింది, తీర్మానాల పుస్తకం మాత్రం అదే. ఆ పుస్తకం గురించి చెప్పడానికే అసలు ఈ ఉత్తరం. ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, మీ పెద్దమ్మకి కూడా సగమే తెలుసు.

2001లో నేను విజయనగరం జిల్లాలో ఒక రెండు టీచర్ల బడికి హెడ్మాస్టర్ని. మధ్యాహ్నం భోజనం బడిలో వండి పెట్టడం ఇంకా మొదలవలేదు, అది 2003 జనవరిలో వచ్చింది. అప్పట్లో ఎనభై శాతం హాజరున్న పిల్లలకి నెలకి మూడు కిలోల బియ్యం ఇచ్చేవాళ్ళం. తల్లులు బడి గడప తొక్కేది ఆ ఒక్క రోజే. మిగతా రోజులన్నీ ఊడ్పులు, కలుపులు, గోగునార పనులు. నేనేమో నెలకోసారి తల్లిదండ్రుల మీటింగు జరిపి, తీర్మానం రాసి, హాజరైనవాళ్ళ సంతకాలు పై ఆఫీసుకి చూపించాలి. పగలు పదకొండింటికి మీటింగు అని చాటింపు వేయిస్తే ఇద్దరు ముసలివాళ్ళు వచ్చి అరుగు మీద చుట్ట కాల్చుకుని వెళ్ళేవాళ్ళు.

అందుకని నాకో తెలివి పుట్టింది. బియ్యం రోజున వరండాలో బల్ల వేసి బియ్యం రిజిస్టరు పెట్టేవాణ్ణి కదా, దాని పక్కనే తీర్మానాల పుస్తకం కూడా తెరిచి పెట్టాను. ఒకే ఇంకు ప్యాడు. సంచీ పట్టుకుని వచ్చినావిడ బొటనవేలు అద్ది ఇక్కడొకటి, అక్కడొకటి వేసి, బియ్యం పోయించుకుని వెళ్ళిపోయేది. ఒక్క పూటలో నలభై మంది తల్లులు హాజరు! తనిఖీకి వచ్చిన ఆఫీసరు "తల్లుల భాగస్వామ్యం మీ దగ్గర భేష్" అన్నాడు. నేను సిగ్గు లేకుండా నవ్వాను.

ఆ ఏడు డీపెప్ (జిల్లా ప్రాథమిక విద్యా పథకం) వాళ్ళ స్కూలు గ్రాంటు 2,000 రూపాయలు వచ్చింది. గోడలకి రంగులు వేయించి, వరండాలో ఆంధ్రప్రదేశ్ పటం గీయించాను. బాగా కుదిరింది కూడా, కృష్ణా గోదావరీ నీలం రంగులో. తీర్మానం నేనే రాశాను: "బడి గోడలకు రంగులు వేయుటకు తల్లిదండ్రులందరూ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." దాని కింద వేలిముద్రలు, వరసగా, బియ్యం రోజువి.

నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఎక్కాలు గుక్క తిప్పుకోకుండా చెప్పేది. నాలుగు రోజులు రాలేదు. జ్వరమన్నారు. తర్వాత విజయనగరం పెద్దాసుపత్రిలో పెట్టారని తెలిసింది. మూత్రంలో ఇన్ఫెక్షన్. పిల్ల పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగడం లేదని, బలవంతంగా ఆపుకుంటోందని డాక్టరు చెప్పాడట. ఎందుకంటే మన బడి మరుగుదొడ్డి తలుపుకి లోపల గడియ లేదు. ఒక పిల్ల లోపలికి వెళ్తే ఇంకో పిల్ల బయట తలుపు పట్టుకుని నిలబడాలి. మగపిల్లలు వచ్చి తోసేవాళ్ళు, నవ్వేవాళ్ళు. దాంతో ఈ పిల్ల వెళ్ళడమే మానేసింది. ఆ తలుపు నా కుర్చీకి ఇరవై అడుగుల దూరం. గడియ లేదన్న సంగతి బడిలో ఆడపిల్లలందరికీ తెలుసు, వాళ్ళ అమ్మలకీ తెలుసు. నాకొక్కడికే తెలీదు.

ఆ తల్లి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకుని నేనే ముందు మొదలెట్టాను: గ్రాంటు తక్కువమ్మా, మీరంతా కలిసి రంగులకే తీర్మానం చేశారు కదా అని. ఇప్పుడు తలుచుకుంటే నోరు చేదెక్కుతుంది. ఆవిడ "పుస్తకం ఓపాలి తియ్యండి మాస్టారూ" అంది. తీశాను. "నా వేలు ఏది?" చూపించాను. ఆ ముద్ర మీద వేలు పెట్టి, "దీని మీద ఏటి రాసున్నాదో చదవండి" అంది. చదివాను. ఏకగ్రీవముగా అనేదాకా వచ్చి ఆగిపోయాను. ఆవిడ కాసేపు ఆ ముద్ర వంకే చూసి, "బియ్యానికనుకున్నాను" అంది. అంతే. చెంగుతో వేలు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఎప్పటి ఇంకో అది, తుడవడానికి ఏముంది?

ఆ సాయంత్రం సైకిలేసుకుని వెళ్ళి గడియ కొన్నాను. పదిహేను రూపాయలు, మేకులతో కలిపి. తలుపు చెక్క పుచ్చిపోయి ఉంది, మేకు దిగితే నిలవదు. రెండోసారి వెళ్ళి చెక్క ముక్క తెచ్చి వెనక వేసి బిగించాను. పిల్ల పదకొండు రోజులకి బడికి వచ్చింది. మధ్యాహ్నం గంట కొట్టాక అటు వెళ్ళింది. వరండాలో కూర్చున్న నాకు గడియ పడిన చప్పుడు వినిపించింది. తల్లి మాత్రం ఆ తర్వాత బియ్యానికి ఎప్పుడూ రాలేదు, పిల్ల తాతని పంపేది.

తర్వాత మీటింగు రాత్రి ఏడున్నరకి మార్చాను. బడిలో కాదు, వాళ్ళ వీధిలో, రామమందిరం అరుగు మీద, పెట్రోమాక్సు లైటు కింద. మొదటిసారి అరగంట ఎవరూ నోరు విప్పలేదు. విప్పాక మొట్టమొదటి ప్రశ్న నా మీదే: బియ్యం మూడు కిలోలని ఇస్తున్నారు, ఇంటికెళ్ళి తూస్తే రెండున్నరే ఉంటున్నాయి, మిగతావి ఏవి? మూటల్లోనే తరుగు వస్తోందమ్మా అంటే ఒక్కరూ నమ్మలేదు. ఇంటికొచ్చి మీ పెద్దమ్మ మీద ఎగిరాను, ఇంకెప్పుడూ ఈ మీటింగులు పెట్టనని. మర్నాడు కాటా తెప్పించి వాళ్ళ ముందే మూట తూయించాను. తక్కువే ఉంది. ఆ కాగితం మీద వాళ్ళతో సంతకాలు పెట్టించి పంపితే, తర్వాతి నెల మూట నిండుగా వచ్చింది. నేను ఒక్కణ్ణీ రాసిన అర్జీలకి అంతకు ముందు రెండేళ్ళు దిక్కు లేదు.

కాబట్టి అమ్మలూ, పుస్తకం ఇంటికి పంపిస్తే సంతకం పెట్టకు. పిల్లల చేత పంపిస్తారు, "అర్జెంటమ్మా, ఈ రోజే అప్‌లోడ్ చెయ్యాలి" అంటారు. అబద్ధం కూడా కాదు, హెడ్మాస్టర్ని ఆయన పైవాడు తరుముతుంటాడు. అయినా పెట్టకు. తీర్మానం అందరి ముందూ పైకి చదివించు, వ్యవహార భాషలో రాయించు, "డమైనది"లు వద్దు. కింద ఖాళీ జాగా వదిలితే గీత కొట్టించు. మీ బడిలో డెబ్భై మంది పిల్లలన్నావు కదా. సమగ్ర శిక్ష అనే బడుల పథకం లెక్కలో ముప్పై దాటి వంద లోపు ఉంటే ఏడాదికి 25,000 గ్రాంటు, అందులో పదో వంతు శుభ్రతకే పెట్టాలి. ఆ అంకె నోటీసు బోర్డు మీద, సుద్దముక్కతో అయినా, అందరికీ కనపడేలా ఉండాలి.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెడితే మా ఊరి బడికి నన్నూ పిలిచారు. తల్లులకి ముగ్గులు, తండ్రులకి తాడు లాగుడు. సందడిగా ఉంది, కాదనను, నేనూ ఓ చెయ్యి వేశాను, మూడు రోజులు భుజం లేవలేదు. పండగలు కావాలి. కానీ మామూలు మంగళవారం నాడు బడికి ఎవరొస్తున్నారో చూడు. వారానికి ఇద్దరు తల్లులు వంతులు వేసుకుని మధ్యాహ్నం భోజనం వేళకి వెళ్ళండి. పిల్లల కంటే ముందు మీరు రుచి చూడండి. ఒక్కో పిల్లాడికి వంద గ్రాముల బియ్యం లెక్క, పప్పు నీళ్ళలా ఉందో లేదో గరిటె తిప్పితే తెలిసిపోతుంది. పప్పు పల్చగా ఉందని వంటామె మీద పడిపోకు. ఆవిడకి బిల్లు ఎన్ని నెలలుగా రాలేదో ముందు అడుగు. కిరాణా కొట్లో అప్పు పెట్టి మీ పిల్లలకి వండుతున్నదేమో తెలుసుకుని, ఆ బిల్లు కోసం కమిటీ తరఫున కాగితం రాయి.

టీచర్లతో జాగ్రత్త. నా జాతి అని వెనకేసుకొస్తున్నాననుకో, ఫర్వాలేదు. ఇద్దరు మనుషులు, అయిదు తరగతులు, మధ్యలో యాప్‌లో ఫొటోలు. నలుగురి ముందూ నిలదీస్తే ఆ పూటకి నీకు చప్పట్లు పడతాయి, తర్వాత ఏడాదంతా ఆ మనిషి నీతో పొడి మాటలే మాట్లాడుతుంది. తప్పుంటే గదిలో, ఒంటరిగా చెప్పు. బాగుంటే వీధిలో, అందరి ముందూ చెప్పు. నన్ను ఒక్కరూ అలా మెచ్చుకోలేదు గానీ, మెచ్చుకుని ఉంటే ఇంకాస్త పని చేసేవాణ్ణేమో. కొడితే మాత్రం ఊరుకోకు. పిల్లల్ని కొట్టకూడదని విద్యాహక్కు చట్టమే నిషేధించింది. మా కాలంలో బెత్తం పట్టుకోనివాడు మాస్టారే కాదు, నేనూ పట్టుకున్నాను. నీకు అప్పుడు ఏడేళ్ళు, ఎండాకాలం సెలవులకి వచ్చి ఆ బెత్తం అటక మీంచి తీసి రెండు ముక్కలు చేశావు. గుర్తుందా? పైకి తిట్టాను గానీ ఆ ముక్కలు పారెయ్యలేదు, ఇప్పటికీ పెట్టెలో ఉన్నాయి.

గెలవకపోయినా బెంగపడకు, మీటింగుకి వెళ్ళి కూర్చోవడానికి పదవి అక్కర్లేదు. గెలిస్తే మొదటి తీర్మానం ఫొటో తీసి నాకు పంపు, కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదువుతాను.

ఇంకొక్కటి. ఎన్నికల దాకా ఆగొద్దు. రేపు బుడ్డోణ్ణి దింపడానికి వెళ్ళినప్పుడు, ఆడపిల్లల బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుని, లోపలి నుంచి గడియ పడుతుందో లేదో చూసి ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న