లాట్ మొత్తం వద్దు, ఐడీ ఒక్కటే పంపు

అల్లుడా,

నీ ఆండ్రాయిడ్ యాప్ చూసిన. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతు తన లాట్ ధర తన ఫోన్‌లోనే చూసుకోవాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. అందుకే గట్టిగా చెప్తున్నా: ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కు లాట్ మొత్తం మోయకు. ఐడీ ఒక్కటే పంపు. మార్కెట్‌లో ధర అడగడానికి ఎవరూ బస్తాలు భుజాన వేసుకుని తిరగరు కదా, లాట్ నంబర్ చెప్తారు.

ఇప్పుడు లిస్టులో తేజ మిర్చి లాట్ నొక్కితే రైతు పేరు, తూకం, ఫొటో అన్నీ ఇంటెంట్‌లో, అంటే ఇంకో స్క్రీన్ తెరవమని పంపే సందేశంలో, కుక్కి వివరాల స్క్రీన్‌కు పంపుతున్నావు. అవన్నీ బైండర్ అనే ఆండ్రాయిడ్ సందేశాల దారి మీదుగా పోతాయి. దాని బఫర్, అంటే డేటా పట్టే జాగా, 1 ఎంబీ, అదీ ఆ ప్రాసెస్‌లో (మెమరీలో నడుస్తున్న నీ యాప్‌లో) ఆ క్షణాన నడిచే ట్రాన్సాక్షన్లన్నిటికీ కలిపి. ఫొటో కాస్త పెద్దదైతే యాప్ క్రాష్ అవుతుంది.

నాకు అంతకంటే పెద్ద టెన్షన్ ధర గురించి. నువ్వు పంపేది నకలు. వివరాల స్క్రీన్‌లో క్వింటాల్ ధర 14,000 నుంచి 14,500కు మార్చి వెనక్కి వస్తే లిస్టులో పాత అంకే కనిపిస్తుంది. రైతు దేన్ని నమ్మాలి? లాట్లన్నీ ఫోన్‌లోనే డేటా దాచే రూమ్ డేటాబేస్‌లో ఒకే టేబుల్‌లో ఉంచు. రెండు స్క్రీన్లూ ఫ్లోతో, అంటే డేటా మారగానే కొత్తది అందించే ధారతో, అక్కడి నుంచే చదవాలి. ఒకచోట మార్చితే రెండుచోట్లా మారుతుంది.

లాట్‌ను యాప్ అంతటికీ అందేలా మెమరీలో ఒక గ్లోబల్ ఆబ్జెక్ట్‌లో పెడితే సరిపోదా అన్నావు. సరిపోదు. రైతు మధ్యలో కెమెరా తెరిచాడనుకో, మెమరీ చాలక ఆండ్రాయిడ్ నీ ప్రాసెస్‌ను చంపేయొచ్చు. తిరిగొస్తే అదే స్క్రీన్ మళ్లీ తెరుస్తుంది, ఇంటెంట్‌లోని ఐడీ భద్రంగా ఉంటుంది, నీ గ్లోబల్ ఆబ్జెక్ట్ మాత్రం ఖాళీ. స్క్రీన్ డేటాను పట్టుకునే వ్యూమోడల్ కూడా అంతే, ఫోన్ అడ్డంగా తిప్పితే నిలుస్తుంది కానీ ప్రాసెస్ పోతే పోతుంది. సగం టైప్ చేసిన ధరను, ప్రాసెస్ పోయినా చిన్న విలువలను తిరిగిచ్చే సేవ్డ్‌స్టేట్‌హ్యాండిల్‌లో పెట్టు.

ఒకే యాక్టివిటీలోని (యాప్ స్క్రీన్‌లోని) రెండు ఫ్రాగ్మెంట్లు, అంటే ఆ స్క్రీన్ లోపలి భాగాలు, తేజ, చపాటా మిర్చి రకాల ఫిల్టర్ పంచుకోవాలంటే షేర్డ్ వ్యూమోడల్ చాలు. వెనక్కి ఒక చిన్న జవాబు పంపాలంటే ఫ్రాగ్మెంట్ రిజల్ట్ ఏపీఐ ఉంది.

ఇదంతా నా మాట మీద నమ్మొద్దు, పరీక్షించి చూడు. వివరాల స్క్రీన్ తెరిచి హోమ్ నొక్కు. ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి, అందులో ఏడీబీ (ఫోన్‌కు ఆదేశాలిచ్చే పనిముట్టు) షెల్ ఏఎం కిల్ కమాండ్‌కు నీ ప్యాకేజీ పేరు తగిలించి కొట్టు. తర్వాత రీసెంట్స్ (ఇటీవల వాడిన యాప్‌ల జాబితా) నుంచి యాప్ తెరువు. రీసెంట్స్‌లో స్వైప్ చేసి తీసేస్తే ఈ పరీక్ష కాదు, అప్పుడు యాప్ మొదటి నుంచి మొదలవుతుంది. డెవలపర్ ఆప్షన్స్‌లో యాక్టివిటీలు ఉంచొద్దన్న స్విచ్ కూడా దీనికి చాలదు, అది ప్రాసెస్‌ను ముట్టుకోదు.

ఫిబ్రవరి, మార్చిలో మార్కెట్ మిర్చితో నిండిపోతుంది, ఈలోపే మార్చెయ్. సంక్రాంతికి హనుమకొండ వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, టేబుల్ ఇద్దరం కూర్చుని రాద్దాం. ఫొటోను మాత్రం అందులో పెట్టకు. ఫైల్‌గా దాచి, దాని పాత్ ఒక్కటే రాయి.

మీ మామ